‘సర్దుకుపో’ వేరు, ‘ఒప్పుకో’ వేరు అంటున్నారు. తేడా ఎక్కడుంది?

పానగల్లు గట్టు (నల్గొండ)

నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నాకు ముప్పై రెండేళ్ళు. ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఆయన, ఆరేళ్ళ బాబు, అత్తమ్మ, నేను ఒకే ఇంట్లో ఉంటాం. నాది ముక్కు మీద కోపం అని అందరూ అంటారు. అది సగం నిజమే. ఎవరైనా ఒక మాట అంటే ముందు ఛాతీలో మంట మొదలవుతుంది. వెంటనే ఏడుపు. ఏడుపు ఆపుకోబోతే నోటికొచ్చిన మాట. ఆ తరువాత రెండు రోజులు ఎవరి ముఖమూ చూడలేనంత సిగ్గు. పోయిన జనవరిలో ఒక సాయంత్రం అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాను. మా బాబు మంచం కిందికి దూరి ఎంత పిలిచినా బయటికి రాలేదు. మరునాడే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాను.

వారు మందులు రాసి, డీబీటీ కూడా నేర్చుకోమన్నారు. పూర్తి పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉప్పొంగే భావాలను అదుపు చేసుకునే నైపుణ్యాలు నేర్పే చికిత్స. హైదరాబాదు నుంచి ఒక సైకాలజిస్టు గారు ప్రతి గురువారం సాయంత్రం వీడియోలో ఎనిమిది మందికి నేర్పుతున్నారు. పది వారాలైంది. ఊపిరి మీద ధ్యాస, చన్నీళ్ళు, రోజూ రాత్రి చీటీలో ఆనాటి భావాలకు సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేసుకోవడం, ఇంతవరకు బాగానే సాగింది. పోయిన వారం పాఠం ‘సంపూర్ణ అంగీకారం’. ఉన్న వాస్తవాన్ని మనసుతోనూ ఒంటితోనూ ఒప్పుకోవాలన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి అమ్మ, పెద్దమ్మ, అత్తమ్మ అందరూ చెప్పింది ఒకటే మాట: సర్దుకుపో. ఇప్పుడు ఫీజు కట్టి మళ్ళీ అదే వినాలా?

ఒప్పుకుంటే ఇక మారడం ఎందుకు? మారాలంటే ఒప్పుకోవడం ఎందుకు? రెండూ ఒకే నోటితో ఎలా చెబుతారు? ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రెండో షిఫ్టు (మహబూబ్‌నగర్)

అక్కా, నేను నర్సును. ఆసుపత్రి పేరు వద్దు. మూడేళ్ళ క్రితం నేనూ ఇదే పాఠం దగ్గర పుస్తకం మూసేశాను. రెండు నెలల తరువాత మళ్ళీ తెరిచాను. మీకు కోపం రావడం సహజమే. దాని గురించి వివరంగా చెప్పగలిగేవారు ఇక్కడ ఉన్నారు, వారు రాసేదాకా ఒక్క మాట చెబుతాను. పదో వారంలో మానేయకండి. గురువారం పాఠం చెప్పే సైకాలజిస్టు గారికి ఈ టపా ఉన్నదున్నట్టు చదివి వినిపించండి.

వినే చెవి

క్లినికల్ సైకాలజీలో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. తెలుగులో ఈ పాఠం చెప్పేవాళ్ళందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. అంగీకారం అనగానే మనకు పెళ్ళిచూపులు, ఒప్పందాలు, ‘సరే, నాకు ఇష్టమే’ అనే మాట గుర్తుకొస్తాయి. ఇక్కడ ఆ అర్థం లేదు. ‘ఇది జరిగింది. జరగడానికి కారణాలున్నాయి. నాకు ఇది నచ్చలేదు.’ ఈ మూడు వాక్యాలనూ ఒకదాన్ని చూసి మరొకటి పారిపోకుండా మనసులో నిలపగలగడమే అంగీకారం. సర్దుకుపో అనే సలహాలో మొదటి వాక్యమే ఉండదు, మూడోది అసలు ఉండదు. ఏమీ జరగనట్టు ఉండమంటుంది. అంటే అది వాస్తవాన్ని ఒప్పుకోవడం కాదు, దాచేయడం. మీకు మండింది సరైన చోటే.

ఇక రెండూ ఒకే నోటితో ఎలా అన్నది. ఈ చికిత్సను రూపొందించిన మార్షా లినహాన్ అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, చనిపోవాలన్న తలపు పదే పదే వచ్చే స్త్రీలతో పని చేశారు. అప్పటికి ఉన్న పద్ధతులు ఎక్కువగా ‘నీ ఆలోచన మార్చుకో, నీ ప్రవర్తన మార్చుకో’ అనేవే. వచ్చినవాళ్ళకు అది ‘తప్పంతా నీదే’ అన్నట్టు వినిపించేది. కోపంతో మానేసేవారు, లేదా మాట్లాడటం ఆపేసేవారు. సరే అని మార్పు సంగతి పక్కన పెట్టి, కేవలం ఓదార్పుతో వింటే ‘నా బాధ తగ్గించే దారి వీరికీ తెలియదు’ అని నిరాశ పడేవారు. ఒక్కొక్కటి విడిగా పనికిరాలేదు కాబట్టే రెండింటినీ కలిపారు. అంగీకారం ఎలా నేర్పాలో తెలుసుకోవడానికి ఆమె స్వయంగా జెన్ అనే బౌద్ధ ధ్యానం అభ్యసించారు. 1991లో తొలి ప్రయోగ ఫలితాలు వచ్చాయి, 1993లో పాఠ్యగ్రంథం వెలువడింది. 2011లో ఆమె తన గతాన్ని బయటపెట్టారు. పదిహేడేళ్ళ వయసులో, 1961లో, ఇటువంటి బాధతోనే కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక చికిత్సాలయంలో చేరానని, అక్కడే నిలబడి చెప్పారు. ఒప్పుకోవడం, మారడం అనే రెండు మాటలూ ఆమెకు పుస్తకంలో దొరికినవి కావు.

ఒక్క హెచ్చరిక. మీ ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటుంటే, బెదిరిస్తుంటే, దాన్ని భరించమని ఈ పాఠం చెప్పదు. ‘నన్ను కొడుతున్నారు’ అనే వాస్తవాన్ని ఒప్పుకుంటేనే బయటపడే ఆలోచన మొదలవుతుంది. అటువంటి స్థితిలో 181 మహిళా హెల్ప్‌లైను, జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉన్నాయి.

పానగల్లు గట్టు

ధన్యవాదాలు. కొట్టడం లాంటివి లేవు. మాటలే. నా మాటలూ తక్కువవి కావు. ‘ఏమీ జరగనట్టు ఉండమంటుంది’ అన్న వాక్యం నాలుగుసార్లు చదివాను.

కోయిల్‌కొండ కోట

అందరికీ నమస్కారం. నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు, కానీ మనసులో ఉన్నది చెబుతున్నాను. మా అమ్మ పాలమూరు నుంచి ముంబయికి మట్టి పనికి వలస పోయింది. పసిపిల్లతో, అంటే మా అక్కతో, నిర్మాణం జరిగే చోటే రేకుల కింద పడుకుంది. ఆమెకు ఎవరు నేర్పారు ఈ నైపుణ్యాలు? ఓర్పు మనకు పుట్టుకతో వచ్చింది. సియాటిల్ నుంచి ఎవరో వచ్చి చెప్పాలా? మాటకు మాట పెరిగితే ఒకరు తగ్గాలి. మా ఊళ్ళో పెద్దలు చెప్పేది ఇదే.

రెండో షిఫ్టు

అన్నా, మీ అమ్మగారి ఓర్పుకు చేతులు జోడిస్తాను. కానీ ఆ ఓర్పుకు ఆమె ఏం చెల్లించారో ఎప్పుడైనా అడిగారా? మా వార్డుకు వచ్చే యాభై, అరవై ఏళ్ళ ఆడవాళ్ళలో చాలామందికి తలనొప్పి, గుండెదడ, ఒళ్ళంతా నొప్పులు. పరీక్షలన్నీ మామూలుగా ఉంటాయి. పక్కన కూర్చుని పది నిమిషాలు వింటే ముప్పై ఏళ్ళ మాటలు బయటికి వస్తాయి. ఓర్చుకున్నారు, నిజమే. ఓర్చుకుని ఎక్కడ దాచారు అన్నదే నా ప్రశ్న.

అమ్మగారు ఉంటే అడిగి చూడండి. నేను వాదన కోసం అనడం లేదు.

బత్తాయి తోట (దేవరకొండ దారి)

అమ్మా, నాకు అరవై దగ్గర పడుతున్నాయి. ఈ చికిత్స పేరు ఇవాళే విన్నాను. అయినా ఒప్పుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసనిపించి రాస్తున్నాను. మా అమ్మాయి టైపు చేసి పెడుతోంది.

నాకు ఆరెకరాల బత్తాయి తోట ఉండేది. చెట్లకు పన్నెండేళ్ళు. వానలు మొహం చాటేసిన ఏడు బోరు అడుగంటింది. నీళ్ళు లేవని నా కంటికి తెలుసు, మనసు ఒప్పుకోలేదు. రెండో బోరు వేయించాను. దుమ్ము వచ్చింది. మూడోది ఇంకా లోతుకు వేయించాను. ట్యాంకరు నీళ్ళు తెచ్చి పోశాను. అప్పు మీద అప్పు. ఎవరైనా ‘చెట్లు పోయినయి కదా’ అంటే వాళ్ళతో మాట్లాడటం మానేశాను. పొద్దున లేచి తోటలోకి వెళ్ళి, పచ్చగా ఉన్న ఒకటి రెండు కొమ్మల్ని వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి.

ఒకరోజు ఒక చెట్టు కింద కూర్చుని గోటితో బెరడు గీకి చూశాను. లోపల ఎండిపోయింది. ఇంకో చెట్టు. అదీ అంతే. అట్లా వరుసగా ఇరవై చెట్లు గీకాను. అక్కడే కూర్చుని మా నాయన పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ‘తోట పోయింది’ అని మా ఇంటావిడతో మొదటిసారి నోటితో అన్నాను. ఆ రాత్రే అప్పుల లెక్క కాగితం మీద వేయగలిగాను. అంతకు ముందు కాగితం ముట్టుకోవాలంటేనే చేతులు వణికేవి.

చెట్లు కొట్టించి కట్టెగా అమ్మాను. రెండెకరాల్లో కంది, మిగతా దాంట్లో జొన్న వేశాను. అప్పు ఇంకా ఉంది. కానీ నాలుగో బోరు వేయలేదు. నాకు నచ్చలేదమ్మా ఆ తోట పోవడం, ఇప్పటికీ నచ్చదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇంటావిడ నాకు చెప్పకుండా పురుగు మందుల డబ్బాలన్నీ తీసి తాళం పెట్టి, తాళంచెవి తన అన్న ఇంట్లో ఇచ్చింది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు తడుస్తాయి. సేద్యం చేసే ఇంట్లో ఎవరైనా మనసు చెదిరి ఉంటే ఈ పని ఆలస్యం చేయకండి.

వినే చెవి

అయ్యా, మీరు గోటితో బెరడు గీకిన ఆ ఇరవై చెట్లు నా విద్యార్థులకు చెబుతాను, మీ అనుమతి ఉంటే. మా పాఠంలో ‘మనసును మళ్ళీ మళ్ళీ మళ్ళించడం’ అని ఒక మెట్టు ఉంది. అంగీకారం ఒక్కసారి చేసి వదిలేసేది కాదు. ఒక చెట్టు దగ్గర ఒప్పుకుంటాం, రెండో చెట్టు దగ్గర మనసు మళ్ళీ తిరగబడుతుంది, మళ్ళీ మళ్ళిస్తాం. ఇంటావిడ చేసిన పని గురించి మీరు రాసినది అక్షరాలా నిజం. ప్రాణహాని కలిగించే వస్తువులు చేతికి అందకుండా చేయడం ప్రాణం నిలిపే పనుల్లో మొదటిది. ఎవరికైనా అటువంటి తలపు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పానగల్లు గట్టు

బాబాయి గారూ, మీ టపా మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు చన్నీళ్ళ సంగతి అడగాలి. కోపం తారస్థాయికి చేరినప్పుడు ముఖం చన్నీళ్ళలో ముంచమని నేర్పారు. మార్చిలో పని చేసింది. ఇప్పుడు మే నెల. మా మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో చాయ్ పెట్టవచ్చు. ఏం చేయాలి?

రెండో షిఫ్టు

ఇది నాకు బాగా తెలిసిన పాఠం, వివరంగా రాస్తాను.

కుళాయి నీళ్ళు వద్దు. కుండ నీళ్ళు ఒక వెడల్పు బేసినులో పోసి, ఫ్రిజ్ ఉంటే అందులో నాలుగు ఐసు ముక్కలు వేయండి. మరీ గడ్డకట్టేంత చల్లగా అవసరం లేదు, పది డిగ్రీలకు తగ్గకూడదు. వంగి, ఊపిరి బిగబట్టి, కళ్ళ చుట్టూ, చెంపల పైభాగం మునిగేలా ముఖం పెట్టండి. పదిహేను నుంచి ముప్పై సెకన్లు. బేసిను కుదరకపోతే తడి తువ్వాలులో ఐసు చుట్టి కళ్ళ కింద అదిమి, ముందుకు వంగి ఊపిరి బిగబట్టినా పని చేస్తుంది. నీళ్ళలో మునిగామనుకుని శరీరం తనంతట తానే గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్ళు, నాడి నెమ్మదిగా ఉండేవాళ్ళు, గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్ళు, తిండికి సంబంధించిన మానసిక సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా చేయకూడదు. మీరూ మందులు వాడుతున్నారు కాబట్టి ఒకసారి అడగండి.

దీని ప్రభావం కొద్ది నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో రెండో పని మొదలుపెట్టాలి. నేను నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. వదలడం పొడుగ్గా ఉండాలి, అదే కీలకం. డ్యూటీలో ఉంటే మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కి దిగుతాను. కోపానికి ఒళ్ళంతా పరుగుకు సిద్ధమై ఉంటుంది కదా, ఆ పరుగేదో పెట్టించేయడం.

ఇవన్నీ మనసు బాగున్న రోజున సాధన చేయండి. నిప్పంటుకున్నాక బావి తవ్వలేం. నేను ఆరు నెలలు రోజూ రాత్రి పడుకునే ముందు ఊపిరి లెక్క పెట్టాను. ఏడో నెలలో ఒక పెద్ద గొడవ మధ్యలో చేయి దానంతట అదే పొట్ట మీదికి వెళ్ళింది.

వనపర్తి అమ్మ

నేను అవతలి పక్క నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి పంతొమ్మిది. మీలాంటి మనసే. చిన్నప్పటి నుంచి అందరికంటే ముందు ఏడ్చేది, అందరికంటే ఆలస్యంగా ఊరుకునేది. నేను అన్న మాటలు ఇక్కడ రాస్తాను, ఏ తల్లయినా చదివి ఆగుతుందని. ‘నీకు ఏం తక్కువ చేశాం?’ ‘ఇంత చిన్నదానికా?’ ‘నీకంటే కష్టాలున్నవాళ్ళు లేరా?’ ప్రేమతోనే అన్నాను. ప్రతి మాటా దాని బాధను అబద్ధం చేసింది.

డాక్టరు గారు చెప్పారు. కొందరు పుట్టుకతోనే మనసు పలచగా పుడతారు, అటువంటి పిల్లలకు ‘నీకు అనిపించేది తప్పు’ అని ఇల్లు పదే పదే చెబితే ఆ రెండూ కలిసి ఈ మంటను పెంచుతాయి అని. ఇల్లు చెడ్డది కానక్కరలేదట. పొంతన కుదరకపోవడం చాలునట. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చి వంటింట్లో కూర్చుండిపోయాను.

ఇప్పుడు నేను నేర్చుకున్నది ఒకటే. ముందు ‘నీకు చాలా బాధగా ఉంది కదా, ఆ మాట ఎవరికైనా గుచ్చుకుంటుంది’ అంటాను. అంటే దాని పనిని సమర్థించినట్టు కాదు. తలుపు దబాలున వేయడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, ఆ మాట కూడా తరువాత చెబుతాను. ముందు బాధ గురించి, తరువాత తలుపు గురించి. ఈ వరుస మారితే మళ్ళీ మొదటికే వస్తుంది.

వినే చెవి

వనపర్తి అమ్మగారి వరుసే ఒప్పుకోవడం తరువాత మార్పు రావడానికి ఇంట్లో దొరికే నమూనా. పానగల్లు గట్టు గారూ, ఇదే వరుసను మీరు మీ మీద ప్రయోగించండి. ఆ పళ్ళెం రోజును తీసుకుని గొలుసులా రాయండి. ఆ రోజు ఒంట్లో ఎలా ఉంది, తిన్నారా, నిద్రపోయారా, మొదట ఏం జరిగింది, ఏం ఆలోచన వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఏం చేశారు, తరువాత ఏమైంది. తీర్పు మాటలు వద్దు. ‘నేను చెడ్డ తల్లిని’ అని రాయకండి, ‘పళ్ళెం గోడకు తగిలింది’ అని రాయండి.

పానగల్లు గట్టు

రాశాను. రాయడానికి రెండు రాత్రులు పట్టింది.

ముందు రోజు రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒంటిగంటకు పడుకున్నాను. తెల్లవారి అయిదుకు లేచాను. బడిలో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు, ఒకరి బదులు నిలబడి క్లాసు తీసుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు. వంట చేసి కూర్చుని మొదటి ముద్ద కలుపుతుండగా అత్తమ్మ ‘పప్పులో ఉప్పు లేదు, ధ్యాస ఎక్కడుందో’ అన్నది. నాకు వచ్చిన ఆలోచన: ‘ఈ ఇంట్లో నేను చేసింది ఏదీ లెక్కలోకి రాదు.’ ఛాతీ, తరువాత చెవులు వేడెక్కాయి. మా ఆయన ఫోను చూస్తున్నారు. పళ్ళెం. బాబు మంచం కిందికి.

ఇన్నాళ్ళూ ఉప్పు దగ్గర మొదలైందనుకున్నాను. ఎనిమిది గంటల ముందే, తెరవని అన్నం డబ్బా దగ్గర మొదలైంది.

ఇంకొకటీ కనిపించింది. ‘ఏదీ లెక్కలోకి రాదు’ అన్నది అప్పుడు నిజంలా అనిపించింది. పాఠంలో చెప్పినట్టు వాస్తవాలు సరిచూశాను. అత్తమ్మ ఉప్పు గురించి అన్నది నిజం. పక్కింటి ఆమెతో నా పులుసు గురించి గొప్పగా చెప్పడం కూడా నేను విన్నాను. మా ఆయన పట్టించుకోకపోవడం మాత్రం సరిచూసినా నిజమే. అక్కడ నా కోపం తప్పు కాదు. మార్చవలసింది అదే.

వినే చెవి

చాలా ముఖ్యమైన చోటికి వచ్చారు. భావం వాస్తవానికి సరిపోకపోతే దానికి ఎదురు పని చేయాలి. సిగ్గు దాక్కోమంటుంది, మీరు వెళ్ళి బాబుతో కూర్చోవాలి. భావం వాస్తవానికి సరిపోతే సమస్యను పరిష్కరించాలి, అంటే అడగాలి. అడగడానికి ఒక క్రమం ఉంది. ఏం జరుగుతోందో చెప్పడం, నాకు ఎలా ఉందో చెప్పడం, కావలసింది సూటిగా అడగడం, అలా చేస్తే ఇద్దరికీ ఏం మేలో చెప్పడం. మాట పక్కకు పోతే మళ్ళీ దారికి తేవడం, కాదంటే ‘మరి నువ్వు ఎంతవరకు చేయగలవు’ అని బేరానికి దిగడం. చిన్నది అడగండి. మొత్తం కాపురాన్ని ఒకే రాత్రి సరిచేయవద్దు.

కోయిల్‌కొండ కోట

అమ్మను అడిగాను. ముందు ‘ఇప్పుడెందుకు అవన్నీ’ అన్నది. తరువాత చెప్పింది. ముంబయిలో రాత్రిళ్ళు గుండె ఆగకుండా కొట్టుకుంటే సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్ళి నెత్తి మీద చన్నీళ్ళు గుమ్మరించుకునేదట. మా మేనత్తతో కలిసి పాట పాడుకునేదట. ‘ఏడిస్తే మేస్త్రీ పని తీసేస్తాడని లోపల పెట్టుకున్న, బిడ్డా, అవి ఇంకా లోపలే ఉన్నయి’ అన్నది. నలభై ఏళ్ళు ఆమె కొడుకుగా ఉండి ఈ మాట మొదటిసారి విన్నాను.

నర్సు చెల్లెలికి, పానగల్లు చెల్లెలికి నా మొదటి టపా విషయంలో క్షమాపణ చెబుతున్నాను. అమ్మను మన ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్తే చూస్తారా?

రెండో షిఫ్టు

చూస్తారన్నా. ఉదయం త్వరగా వచ్చి ఓపీ చీటీ తీసుకోండి. పాత మందుల కాగితాలన్నీ తెండి. అమ్మను ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.

పానగల్లు గట్టు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. డాక్టరును అడిగాను, చన్నీళ్ళకు సరే అన్నారు.

అడగవలసింది ముందు కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అందరం తిన్నాక మా ఆయనతో అన్నాను: ‘గురువారం ఏడింటికి నా క్లాసు. ఆ వేళకు బాబు హోంవర్కు, వంట రెండూ నా మీదే ఉంటున్నాయి. క్లాసులో కూర్చున్నా చెవులు వంటింట్లోనే ఉంటాయి, అలసిపోతున్నాను. గురువారం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు బాబును మీరు చూసుకోవాలి. అప్పుడు నేను నేర్చుకున్నది ఇంట్లో అందరికీ పనికొస్తుంది.’ ఆయన దుకాణం లెక్కల గురించి మొదలుపెట్టారు. నేను మళ్ళీ గురువారం దగ్గరికి వచ్చాను. రెండుసార్లు. చివరికి ఏడు నుంచి ఎనిమిదిన్నర అన్నారు. సరే అన్నాను.

మొదటి గురువారం అత్తమ్మ ‘మగవాడు పిల్లాడికి హోంవర్కు చేయిస్తుంటే నువ్వు ఫోను ముందా’ అన్నది. మంట మొదలైంది. లేచి వెనక వసారాలోకి వెళ్ళి బేసినులో ముఖం పెట్టాను. బాబు వెంట వచ్చి ఎందుకని అడిగాడు. కోపం చల్లారడానికి అన్నాను. వాడు పక్కన నిలబడి ముప్పై వరకు లెక్కపెట్టాడు, పదిహేడు మరిచిపోయి.

అత్తమ్మకు జవాబు ఏమీ చెప్పలేదు. రాత్రి ఏడ్చాను. పళ్ళేలన్నీ గూట్లోనే ఉన్నాయి.

వినే చెవి

చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఒక్క మాట మాత్రం. బాబు ఒకసారి లెక్కపెట్టడం బాగుంది, ఆటగా ఉండనివ్వండి. అమ్మ కోపానికి కాపలా కాయడం వాడి పని అనుకోకుండా చూడండి. ఆ లెక్క మీరే పెట్టుకోవాలి.

పానగల్లు గట్టు

అవును, నాకూ అనిపించింది. ఈ గురువారం వాడు ఇంట్లో లేడు. వాళ్ళ నాన్నతో ఉదయ సముద్రం చెరువు గట్టు మీదికి వెళ్ళాడు.